మూడు కాయల వాక్యం

నూజివీడులో మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పిన మాస్టారు వాక్యాన్ని మామిడికాయలతో పేర్చేవారు. మా తోట షెడ్డులో గోనెసంచి పరిచి, "ముందు ఎవరు, మధ్యలో ఏం చేశారు, చివర దేన్ని" అంటూ మూడు కాయలు వరసగా పెట్టేవారు. తెలుగులో చివరుండే పని ఇంగ్లీషులో మధ్యకొస్తుందని అలాగే నేర్చుకున్నాం.

ఒకరోజు ఢిల్లీ వ్యాపారి వచ్చి, కాయలు ఎప్పుడు కోశారని మాస్టారిని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన జవాబు కూర్చుకోవడానికి తల దించుకుని మూడు కాయలు పేర్చుకోసాగారు. వ్యాపారి అవి శాంపిలనుకుని, మధ్యకాయ తీసి వాసన చూసి, పట్టుకుపోయాడు.

మాస్టారి వేలు ఆ ఖాళీ మీదే ఆగింది.

"ఏం పోయిందో చెప్పండర్రా," అన్నారు మెల్లగా.

'కోశారు' పోయిందని అందరికీ తెలుసు. ఒక్కరమూ తలెత్తలేదు.