ఎడమ పక్క చక్రం

నా చిన్నప్పుడు నేను మంచి పిల్లను కాను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. చిన్ననాటి ముచ్చట్లు చెప్పమంటే చాలు, ప్రతివాళ్లూ తాము బుద్ధిమంతులమైనట్టు, తమ పెద్దలు దేవుళ్లైనట్టు చెబుతారు. మా ఇంట్లో దేవుళ్లు పటాల్లోనే ఉండేవాళ్లు.

మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె. మా నాన్నను కన్న తండ్రి, నాకు జేజినాయన, ఆ ఊరికి కమ్మరి. నాగలి కర్రు సాగదీయాలన్నా, బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆ రోజుల్లో మా ఊరి పెద్దరెడ్డి ఒక మోటారు కారు కొన్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో అదొక్కటే కారు. దాంతోపాటు కర్నూలు నుంచి ఒక డ్రైవరు కూడా దిగాడు. తల నిండా నూనె, నోట్లో బీడీ, మాటకు ముందు నవ్వు. నాకు తొమ్మిదేళ్లు. పనీపాటా ఎగ్గొట్టి ఆ కారు చుట్టే తిరిగేదాన్ని.

ఒకరోజు రెడ్డి ఇంటి ముందర అతను ఎడమ పక్క చక్రం విప్పుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని చూశాను. పానా పెట్టి నట్లను కుడివైపుకు తిప్పుతున్నాడు. మా కొలిమి దగ్గర ఏ నట్టయినా ఎడమకు తిప్పితేనే ఊడేది. నేను వింతగా చూడటం గమనించి, "ఈ పక్క సక్రాలకు మర తిరగేసి ఉంటాది పాపా. కుడికి తిప్పితేనే ఊడేది. ఎవురికీ చెప్పాకు" అన్నాడు. హారన్ రబ్బరు బుడ్డి నన్నే నొక్కనిచ్చాడు. ఆ మోత విని వీధిలో కోళ్లన్నీ చెదిరిపోయాయి. నాకంటే గొప్పవాళ్లు ఈ లోకంలో లేరనుకున్నాను.

నెల తిరక్కముందే ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అదే ఎడమ పక్క చక్రానికి గాలి పోయింది. మరుసటి రోజు పొద్దున్నే రెడ్డి కడప కోర్టులో ఉండాలి. డ్రైవరు అసలు పానాను ఎక్కడో పారేసుకున్నాడు. ఆ సంగతి బయటపడితే కొలువు పోతుందని, సరిపోని పానాతో తిప్పి తిప్పి అయిదు నట్ల అంచులూ అరగదీశాడు. అవి రేగుపండ్లలా గుండ్రంగా తయారయ్యాయి. తుప్పు పట్టి బిగుసుకున్నాయని రెడ్డికి అబద్ధం చెప్పి, కమ్మరిని పిలిపించమన్నాడు.

జేజినాయన వచ్చేసరికి కారు చుట్టూ సగం ఊరు ఉంది. రెడ్డి అరుగు మీద నుంచే అరిచాడు. "ఏం ఆచారీ, పొద్దు గుంకేలోపల సక్రం ఊడాల. ఊడకపోతే నీ కొలిమి ఎత్తేసి ఇంకొక కమ్మరిని తెచ్చుకుంటా. నువ్వు ఈ ఊర్లో ఉండే పని లేదు." మూడు తరాల కొలిమి మాది. అది లేకపోతే మాకు గంజి కూడా లేదు.

చెరుకు గానుగల బోల్టులు విప్పిన చేతులు ఆయనవి. ఇదొక లెక్కా అనుకున్నాడు. ఒక్కో నట్టును రెండు పక్కలా ఆకురాయితో చదును చేసి, దానికి సరిపడే పానా అప్పటికప్పుడు కొలిమిలో సాగదీసి తెచ్చాడు. బారెడు గొట్టం తగిలించి, ఒంటి బరువంతా వేసి ఎడమకు తిప్పాడు. నట్టు ఇంకా బిగిసింది. డ్రైవరు వేపచెట్టు నీడలో బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. తన తప్పు చివరికి ఆచారి మీదికే పోతుందని అతనికి బాగా తెలుసు.

కుడికి తిప్పమని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అతను నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టుకుని, కారులోని తోలు సీటు వైపు చూపించాడు. ఎక్కిస్తానని అర్థం. మా ఇళ్ల పిల్లలెవరూ ఆ సీటు మీద కూర్చున్నది లేదు. నేను నోరు మూసుకున్నాను. భయపడి ఊరుకున్నానని చాలామందికి చెప్పాను. అబద్ధం. ఆశపడి ఊరుకున్నాను.

మొదటి బోల్టు ఠప్పున విరిగింది. కాసేపటికి రెండోదీ విరిగింది. రెడ్డి అరుగు దిగి చెర్నాకోలతో వచ్చాడు. అరవై ఏళ్ల మనిషిని, ఊరు ఊరంతా చూస్తుండగా, వీపు మీద మూడు దెబ్బలు కొట్టాడు. అయ్యో అన్నవాడు లేడు. జేజినాయన ఒంగి దుమ్ములోంచి విరిగిన బోల్టు ముక్క తీసుకున్నాడు. ఎండకు ఎత్తి పట్టుకుని, దాని మర మీద గోరుతో గీస్తూ చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఉలి తీసుకుని మిగిలిన మూడు నట్లలో ఒకదాని అంచున గాటు పెట్టి, దాన్ని ఏటవాలుగా ఆనించి కుడివైపుకు సుత్తితో కొట్టాడు. మూడో దెబ్బకు నట్టు కదిలింది. పొద్దు వాలేలోపు మూడూ ఊడదీసి, వాటికే మళ్లీ అంచులు తీర్చి వేరే చక్రం బిగించాడు. కొలిమి నిలబడింది.

రెడ్డి లోపలికి వెళ్లగానే డ్రైవరు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "ఈ సంగతి నీ మనవరాలికి ఎప్పుడో తెల్సు ఆచారీ. ఆ పాపను అడిగింటే సరిపోయేది గదా?"

జేజినాయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ పూట సంగటి కూడా ముట్టలేదు. కారెక్కించే మాట దేవుడెరుగు, తెల్లవారేసరికి కారు దుమ్ము లేపుకుంటూ కడప దారి పట్టింది.

ఆ పొద్దున జేజినాయన నన్ను కొలిమి దగ్గరికి పిలిచాడు. ఎర్రగా కాగిన ఇనుము కాసేపటికి నల్లబడి చల్లారినట్టే కనబడుతుంది కానీ, ముట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. అందుకే మా ఇళ్లలో అట్లాంటి ముక్కను కింద పెట్టేవాళ్లు "కాలుతాది!" అని కేక వేయాలి. పక్కన ఎవరూ లేకపోయినా సరే, గోడలకైనా వినిపించాలి. ఆ రోజు ఆయన ఒక ముక్కను, ఇనుము పెట్టి సాగగొట్టే దిమ్మె, దాగలి పక్కన పెట్టాడు. కేక వేయలేదు. కాసేపాగి, "దాన్ని ఇట్ల అందియ్యి మే" అన్నాడు.

నేను అందుకున్నాను. నా అరుపుకు మా అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆయన తొణకలేదు. నా చెయ్యి లాగి నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకున్నాడు. "కాలుతాదని నాకు తెల్సు. చెప్పలా. ఎట్లుండాది?" అన్నాడు. మా అమ్మ ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన ఇటు తిరక్కుండా సుత్తి అందుకున్నాడు. చొక్కా లేని వీపు మీద మూడు వాతలూ ఉబ్బి ఉన్నాయి.

నెలరోజులు కలబంద గుజ్జు పూసుకుని, ఎడంచేత్తో తిని అందరిచేతా చీవాట్లు తిన్నాను. అప్పటినుంచి తెలిసిన సంగతి దాచిపెట్టుకుని ఊరుకోవడం నావల్ల కాదు. బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా ఆపి, ఆ బస్సు ప్రొద్దుటూరు పోదు నాయనా అని చెబుతాను. ఈ ముసల్దాని నోరు ఊరుకోదని కోడళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా జేజినాయన భలే బుద్ధి చెప్పాడని ఎన్నో ఏళ్లు నేనే గొప్పగా చెప్పుకున్నాను. ఆయన వయసు నాకు వచ్చాక గానీ మిగతాది అర్థం కాలేదు. రెడ్డిని ఏమీ అనలేడు. డ్రైవరును ఏమీ చేయలేడు. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, ఆయన చేతికి అందింది నేనొక్కదాన్నే. నా తప్పు నాదే, కాదనను. కానీ తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి అది. ఆయన్ను నేను పూర్తిగా క్షమించలేదు, ప్రేమించడమూ మానలేదు. ఇప్పటికీ మనవళ్ల మీద చెయ్యెత్తినప్పుడల్లా, ఈ దెబ్బ నిజంగా వీడిదేనా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు అది వాడిది కాదు. అప్పుడు చెయ్యి దించేస్తాను.