మూడు మీటర్ల మీద చిల్లర

కామారెడ్డి స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లో మొన్న పాత ప్రింటర్ కరకరమంటోంది. టికెట్ చేతికొచ్చినా అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడు వింటే నాకు విఠల్ సార్ గుర్తొస్తారు, ఆయనతో పాటు ఒకనాడు పడ్డ భయం కూడా.

సార్ కామారెడ్డిలో మాకు లెక్కలు చెప్పారు. ఎల్లారెడ్డి దగ్గరి ఒక చెరువులో నీళ్లు ఎంతవరకు పెరుగుతాయో లెక్కగట్టే ప్రోగ్రాంను ఎప్పుడో ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాశారు. అక్షరాలు ఇంగ్లిష్‌వైనా అందులో పేర్లన్నీ తెలుగువే: వాన, కాలువ, లోతు. రాష్ట్రం విడిపోవడానికి మూడు నాలుగేళ్ల ముందు, నేను ఎల్లారెడ్డి నీటిపారుదల ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో ఉండగా, అది నడిచే పాత కంప్యూటర్ చచ్చి ఊరుకుంది. కొత్తదాంట్లో నడపాలంటే ఒక కంపైలర్‌ను, అంటే ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చేదాన్ని, ఎంచుకోవాలి. రెండు దొరికాయి. ఒకటి అడుగడుగునా హెచ్చరికలు చూపి ప్రాణం తీసింది. రెండోది మారు మాట్లాడకుండా పని కానిచ్చింది. నేను రెండోదాన్నే నెత్తిన పెట్టుకున్నాను.

ఆ వానాకాలం ఒకసారి రెండు రోజులు ముసురు వదల్లేదు. చెరువు కింది వాడను ఖాళీ చేయించాలా వద్దా అని ఇంజనీర్ అడిగారు. లోతు మూడున్నర మీటర్లు దాటితే చేయించాలి. సాయంత్రానికి మూడే ఉంటుందని ప్రోగ్రాం చెప్పింది. అవసరం లేదని ఫోన్లో చెప్పేశాను, కాస్త గర్వంగానే. గంట తర్వాత, తన ప్రోగ్రాం ఏం చెప్పిందో చూద్దామని మధ్యాహ్నం బస్సు దిగి తడుస్తూ వచ్చిన సార్ ఆ కాగితం అందుకున్నారు.

“మూడా? మీద చిల్లర ఏది బిడ్డా?”

“గంతే వచ్చింది సార్.”

“చెర్వుల నీళ్లు గింత సాఫ్‌గ ఉంటయా? ఏ కంపైలర్ పెట్టినవ్?”

చెప్పాను.

“లొల్లి పెట్టేదాన్ని ఇడిసి నోరు మూసుకున్నదాన్ని తెచ్చుకున్నవా? ముందుగాల గా మొదటిదాన్నే నడుపు.”

నడిపాను. హెచ్చరికల గుంపులో ఒకటి కనబడింది: ఒక వరుస డెబ్బై రెండో అక్షరం దగ్గర తెగింది, ఆ పైన ఉన్నది కంపైలర్ చదవదు. దశాంశాలుండే అంకెల పేర్లన్నీ సార్ ఆ ఒక్క వరుసలోనే ప్రకటించారు. చచ్చిన కంప్యూటర్‌లోని కంపైలర్ దాన్ని చివరిదాకా చదివేది. ఇప్పుడు తెగిపోయిన పేరు, లోతు. ఫోర్ట్రాన్‌లో విడిగా చెప్పకపోతే ఎల్ అక్షరంతో మొదలయ్యేది పూర్ణాంకమే, దశాంశాలు రాలిపోతాయి. ఇంగ్లిష్‌లో డెప్త్ అని పెట్టుకున్నా ఈ గండం తప్పేది. వరుసను రెండుగా విరిచి మళ్లీ నడిపాను. ప్రింటర్ కరకరమంటూ 3.8 కొట్టింది.

నాకు ఏడుపొచ్చింది. “ఇంజనీర్‌కు మీరు చెప్పుండ్రి సార్, నా నౌకరి పోతది” అన్నాను.

“గంత పొడుగు వరుస రాసింది నేనే, నా తప్పు నేను చెప్త. కాని ఖాళీ చెయ్యొద్దన్నది నువ్వు. ముందుగాల నువ్వే చెప్పాలె. ఆడ మంది ఉన్నరు బిడ్డా, జల్ది.”

ఫోన్ చేసి చెప్పాను. ఇంజనీర్ తిట్టిన తిట్లు రాయలేను. పొద్దుండగానే అందరినీ బడికి చేర్చారు. సాయంత్రానికి ఆ ఇళ్లలోకి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. లోపల ఎవరూ లేరు. నెలాఖరుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

సార్ ఇప్పుడు లేరు. నేను చెప్పింది తప్పని ఎవరికైనా చెప్పుకోవాల్సి వస్తే నాకు ఇప్పటికీ భయమే. అయినా వాళ్లు కనిపెట్టేదాకా ఆగను, నేనే ఫోన్ చేస్తాను.