ఖాళీ గోతంతో దిగిన రోజు

మా ఆత్మకూరులో కొండలెక్కే క్లబ్బు ఒకటి ఉందంటే నెల్లూరు వాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత కొండ ఎక్కడుందని అడుగుతారు. ఆత్మకూరులో కొండ లేదు. బస్సెక్కి పోతే ఉదయగిరిలో ఉంది. దాని మీద పాత కోట గోడలున్నాయి, కోనేళ్లున్నాయి, కోతులున్నాయి, ప్రేమజంటలు గోడలనిండా చెక్కిన పేర్లున్నాయి. మాకు అది చాలు. హిమాలయాలు చూడని వాడికి ప్రతి గుట్టా హిమాలయమే అనేవాడు మా నాయన. ఈ క్లబ్బు పెట్టిన నేరం ఆయనదే.

నాయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన వాళ్లు మా వైపు గుడి కమిటీలో చేరతారు, లేదంటే గట్టు తగాదాల్లో పెద్దమనుషులవుతారు. ఈయన మాత్రం మెడలో విజిలు తీయకుండా, దొరికిన వాళ్లనల్లా కొండెక్కించడం మొదలుపెట్టాడు. ముందు పాత శిష్యులను, తర్వాత వాళ్ల పిల్లలను, ఎవరూ దొరకని ఏడాది కన్నకూతుర్ని నన్ను. నేను అదే ఊళ్లో సైన్సు టీచర్ని, నోరు కాస్త పెద్దది. నోరు పెద్దదని నన్ను కార్యదర్శిని చేశారు. కార్యదర్శి అంటే పులిహోరకు చింతపండు నానబెట్టే మనిషి అని తర్వాత అర్థమైంది.

ఏటా వానలు వెనకబడి చలి మొదలయ్యాక ఒక ఆదివారం మా కార్యక్రమం జరుగుతుంది. సంగం వైపు నుంచీ ఆత్మకూరు చుట్టుపక్కల నుంచీ బడిపిల్లలను బస్సులో ఎక్కించుకుని ఉదయగిరి తీసుకెళ్తాం. పెన్న కాలవల కింద వరిచేలల్లో పెరిగిన పిల్లలు, చేని గట్టు కంటే ఎత్తైనది ఎక్కి ఎరగరు. కొండ కింద ఒక బండకు తాడు కట్టి దిగడం నేర్పుతాం. ముడులు వేయడం నాయన నేర్పుతాడు. నేను చెట్ల పేర్లు చెబుతాను, పిల్లలు కోతులను చూస్తుంటారు. మొదట్లో మొక్కలు కూడా నాటేవాళ్లం. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. కొండ కింద మేకలు మేపే అవ్వ ఒకామె ఉంది. మీరు నాటేసి పోండి సారూ, మిగతాది మా మేకలు చూసుకుంటాయిలే అని మాకు ధైర్యం చెప్పేది. అందుకని ఇప్పుడు విత్తన బంతులు విసురుతున్నాం, అంటే ఎర్రమట్టీ పేడా కలిపి లోపల గింజలు పెట్టిన ఉండలు. పిల్లలు వాటిని కొండ మీదకంటే ఒకరి మీద ఒకరు ఎక్కువ విసురుకుంటారు. అడవి మొలిస్తే ముందు వాళ్ల తలల్లోనే మొలుస్తుంది.

అసలు పని చెత్త ఏరడం. దీనికి నాయన ఒక రూలు పెట్టాడు. ఎక్కే ప్రతి మనిషీ ఖాళీ యూరియా గోతం ఒకటి పట్టుకుపోవాలి, దిగేటప్పుడు అది నిండి ఉండాలి. గోతం నిండకపోతే అన్నం లేదు. కొండ దిగాక పులిహోర గంగాళం పక్కన ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒక్కొక్కరి గోతం చేత్తో ఎత్తి చూసి, మూతి విప్పి చూసి, అప్పుడు విస్తరి ఇప్పిస్తాడు. ఒకసారి బ్యాంకు మేనేజరుగారు గోతంలో ఎండుటాకులు కూరుకొచ్చారు. నాయన ఆయన్ను ఆ ఎండలో మళ్లీ పైకి పంపాడు. ఆ తర్వాత ఆయన మా క్లబ్బు మొహం చూడలేదు, బ్యాంకులో మా మొహమూ చూడలేదు.

ఇంత రూలు పెట్టిన మనిషి కోరిక మాత్రం వేరే. నిండిన గోతాలకు మేం చప్పట్లు కొడుతుంటే ఆయనకు ఒళ్లు మండేది.

"చెత్తను జూసి మురిసిపోతారేంది? ఎంత దొరికితే మనం అంత ఓడిపోయినట్టు. ఖాళీ గోతంతో దిగిన రోజు నేను గెలిచినట్టు. ఆ రోజే ఈ విజిలు తీసి పారేస్తా" అనేవాడు.

మేం ఊ కొట్టేవాళ్లం. ఉదయగిరి కొండ మీద చెత్త లేకపోవడమంటే ఎలక్షన్లలో మందు లేకపోవడం లాంటిదని అందరి నమ్మకం.

పోయిన ఏడాది ఆయన మోకాళ్లు మొరాయించాయి. నెల్లూరు డాక్టరు ఎక్స్‌రే చూసి ఆపరేషన్ చెయ్యాలన్నాడు. చేశాక నడవొచ్చు గాని కొండలు మర్చిపొమ్మన్నాడు. నాయన బేరమాడి ఆపరేషన్‌ను మా కార్యక్రమం అయిన తర్వాతి వారానికి జరిపించుకున్నాడు. ఇదే ఆఖరి కొండ అని ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు. ఆయనే టీ బంకు దగ్గర నలుగురికి చెప్పుకున్నాడు, మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. నేను మాత్రం ఈ ఒక్కసారన్నా ఆయన గోతం ఖాళీగా ఉండేటట్టు చూడు స్వామీ అని దండం పెట్టుకున్నాను. దేవుళ్లతో నాకు మాటల్లేక చాలాకాలమైంది, అయినా పెట్టుకున్నాను.

ఇక్కడ మా ఉపాధ్యక్షుడి గురించి చెప్పాలి. ఎరువుల కొట్టు ఆయనది. నాయనకు పాత శిష్యుడు. మాకు గోతాలిచ్చేది ఈయనే. క్లబ్బులో చేరిన నాటి నుంచి కొండ మీద కోట మొదటి దర్వాజా దాటి పైకి పోయినట్టు సాక్ష్యం లేదు. ఆ దర్వాజా నీడలోనే కూర్చుని, పైనుంచి దిగే వాళ్ల దగ్గర తలా గుప్పెడు చెత్త అడుక్కుని తన గోతం నింపుకునేవాడు. ఈసారి ఆయన ముఖ్య అతిథిగా ఒక పెద్దాయనను పట్టుకొచ్చాడు. పొలాలూ, ఊరి పెత్తనమూ, పార్టీ కండువా మూడూ ఉన్న ఆసామి. మన క్లబ్బుకు కొత్త తాళ్లు, హెల్మెట్లు కొనిస్తాడంట, నిండిన గోతాల గుట్ట ముందు నిలబెట్టి ఫొటో తీస్తే చాలంట అని ఉపాధ్యక్షుడు మీటింగులో చెప్పాడు. నాయనకు అది నచ్చలేదు గాని తాళ్లు నిజంగానే పాతబడ్డాయి.

ఆ ఆదివారం బస్సులో ఉపాధ్యక్షుడు నా ముందు సీట్లో కూర్చున్నాడు. మనిషి నుంచి గుప్పున నొప్పుల మందు వాసన వస్తోంది. కూర్చోలేక, లేవలేక మూలుగుతున్నాడు. ఏమైందని అడిగితే యూరియా మూటలు దించి నడుము పట్టేసిందన్నాడు. మూటలు దించడానికి కొట్లో మనుషులున్నారు కదా అనుకున్నాను గాని పైకి అనలేదు.

కొండెక్కడం మొదలుపెట్టాం. పిల్లలు ముందు, నాయన వెనక, ఆయన వెనక నేను. కర్ర పొడుచుకుంటూ, పదడుగులకోసారి ఆగి ఎవరూ అడక్కపోయినా కోట చరిత్ర చెబుతూ ఎక్కుతున్నాడు. ఊపిరి తీసుకోవడానికి చరిత్రను వాడుకుంటున్నాడని నాకు తెలుసు. మొదటి దర్వాజా చేరాం. ఉపాధ్యక్షుడు యథాప్రకారం అక్కడే చతికిలబడ్డాడు. అప్పటిదాకా దారిలో ఒక్క కవరు కనపడలేదు. ఇంకా పైకి పోయాం. గోడల వెంట లేదు, రాళ్ల సందుల్లో లేదు, పొదల కింద లేదు.  నాయన చరిత్ర చెప్పడం మానేశాడు. కళ్లు మాత్రం అటూ ఇటూ వెతుకుతున్నాయి. దొరక్కూడదని అంత శ్రద్ధగా వెతికే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. భుజం మీది గోతం మడత అలాగే ఉంది. 

పైన కోనేరు కనపడే మలుపు దగ్గర పిల్లలు ఒక్కసారిగా గోల పెట్టారు. చెత్త దొరికిందట. పొద్దుటి నుంచి ఏమీ దొరక్క పులిహోర పోతుందని బెంగపెట్టుకున్నారు పాపం, నిధి దొరికినట్టు ఎగబడ్డారు. మేం పోయి చూస్తే కోనేటి గట్టు నిండా ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు, నీళ్ల సీసాలు. ఏదో సంత జరిగిన చోటులా ఉంది.

నాయన మెట్టు మీద కూలబడ్డాడు. అది మోకాళ్ల నొప్పి కాదని ఆ మొహం చూస్తే తెలిసింది. ఆ కోనేటి దగ్గర కూర్చుని బిర్యానీ తిన్న వాళ్లను ఏడు తరాల దాకా తిట్టాను, పిల్లలున్నారు కాబట్టి మనసులోనే తిట్టాను. నాయన కాసేపటికి లేచాడు. గోతం మడత విప్పాడు. వంగనంటున్న మోకాళ్లతో వంగి, ఒక్కొక్క గ్లాసూ ఏరి అందులో వేసుకున్నాడు. నేను వేస్తానంటే చెయ్యి తోసేశాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ గోతం నిండే వేళకు ఒక పిల్లవాడు పొదలోంచి చుట్టిన ఫ్లెక్సీ ఒకటి లాగి పరిచాడు. అందులో నమస్కారం పెడుతూ ముఖ్య అతిథిగారు ప్రత్యక్షమయ్యారు. ఆయన మనవడి పంచెకట్టు వేడుకకు అందరినీ ఆహ్వానిస్తున్న ఫ్లెక్సీ. ఆ పంచెకట్టు అంతకు వారం ముందు మా ఆత్మకూరు కల్యాణమండపంలో జరిగింది. నేనూ పోయి తిన్నాను. ఆ బిర్యానీ డబ్బాలను ఎక్కడ చూశానో అప్పుడు గుర్తొచ్చింది. ఆత్మకూరులో తిన్న డబ్బా దానంతటదే ఉదయగిరి కొండెక్కి రాదు కదా. నాయన ఫ్లెక్సీ చూశాడు, నన్ను చూశాడు. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, గోతం భుజానికెత్తుకుని దిగడం మొదలుపెట్టాడు.

దర్వాజా దగ్గర ఉపాధ్యక్షుడు కాళ్లు బార్లా చాపుకుని ఉన్నాడు. పక్కన రాయి మీద మేకల అవ్వ కూర్చుని ఉంది.

"ఇదెట్టా కొండెక్కిందిరా?" అని నాయన ఫ్లెక్సీ విప్పి అడిగాడు.

ఆయన చాపిన కాళ్లు ముడుచుకున్నాడు. జవాబు అవ్వ చెప్పింది.

"మొన్న తెల్లారగట్ల ఈయన, ఇంకో పదిమంది మోసకపోయినారు సారూ. చెత్త దించేటోళ్లను ఏటా చూస్తానే ఉండా. ఎక్కించేటోళ్లను ఇదే చూడ్డం."

ఇక దాచడానికేమీ లేక ఉపాధ్యక్షుడు మొత్తం కక్కేశాడు. దారి చూసి రమ్మని వారం ముందు ఇద్దరు మెంబర్లను పైకి పంపాడట. కొండంతా వెతికినా చెత్త లేదని వాళ్లు ఫోన్ చేశారట. అతిథి వస్తున్నాడు, గోతాల గుట్ట లేదు, ఫొటో లేదు, తాళ్లు లేవు. కల్యాణమండపం వెనక పడి ఉన్న చెత్తను ఆటోలో ఉదయగిరి తెచ్చి, కింద పోస్తే ఊరివాళ్లు చూస్తారని కోనేటి దాకా మోశారట. ఇన్నేళ్లలో మొదటి దర్వాజా దాటని మనిషి, కొండ తుదకు చెత్త మోసుకుని ఎక్కాడు.

"మీ ఆఖరి కొండంట గదా సార్" అన్నాడు తల వంచుకుని. "గోతాలు బోసిగా దిగితే మీకు చిన్నతనంగా ఉంటాదని చేసినాను."

నేను నోరు తెరిచాను. పది నిమిషాలకు సరిపడా తిట్లు సిద్ధంగా ఉన్నాయి. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది సరేరా. నువ్వు పొయ్యకముందు పైన ఏముండాది?"

"ఏం లేదు సార్."

"కోనేటి కాడ?"

"ఒక్క కవరు లేదు సార్. మీ మింద ఒట్టు."

నాయన ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఉపాధ్యక్షుడు మళ్లీ చెప్పాడు. అవ్వ కల్పించుకుని, మేకలు కవర్లు మింగి కడుపుబ్బి చస్తుంటే తామే కొండెక్కే వాళ్ల దగ్గర కవర్లు గుంజుకుంటున్నామంది. నువ్వు నేర్పిన పిల్లకాయలే మాకీ ఉపాయం చెప్పినారు సారూ అంది. నాయన నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. నవ్వుతూనే మెడలో విజిలు తీసి అవ్వ చేతిలో పెట్టి, కవరుతో ఎవడన్నా ఎక్కితే ఇది ఊదమన్నాడు. అవ్వ అక్కడికక్కడే ఊది చూసింది. మేకలు చెల్లాచెదరైనాయి.

తర్వాత ఆయన నిండిన గోతం దించి శిష్యుడి ఒళ్లో పెట్టాడు.

"ఇది నీది. నువ్వెక్కించింది నువ్వే దించు" అన్నాడు.

శిష్యుడి ఖాళీ గోతం తీసుకుని, దులిపి, నాలుగు మడతలు వేసి భుజాన వేసుకుని దిగాడు. ఉపాధ్యక్షుడు మొదటిసారి ఎవరినీ అడుక్కోకుండా నిండు గోతంతో కొండ దిగాడు.

కింద ఫొటో కూడా అయింది. గోతాల గుట్ట మీద ఫ్లెక్సీని పిల్లలెవరో పరిచారు. ముఖ్య అతిథిగారు తన మొహం ముందే నిలబడి ఫొటో దిగి, చూసుకుని, పులిహోరన్నా తినకుండా కారెక్కారు. తాళ్లు ఇంకా రాలేదు.

పిల్లలందరి గోతాలూ తనిఖీ చేసి నాయన అందరికీ విస్తళ్లు ఇప్పించాడు. చివరికి నేను ఆయనకూ పులిహోర పెట్టుకొచ్చాను. వద్దన్నాడు. తన గోతం ఖాళీ కదా అన్నాడు. ఆ రూలు పెట్టింది నువ్వే కదా నాయనా, నువ్వే తీసెయ్ అన్నాను. తాను పెట్టాడు కాబట్టే తీయడానికి లేదన్నాడు. అన్నేళ్లు ఖాళీ గోతం కోసం కొండెక్కిన మనిషి, అది ఖాళీగా దిగిన రోజు ఏం తినాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. బతిమాలాను, తిట్టాను. ఆయన గంగాళం వైపు చూసి గుటకలు మింగాడు గాని ముట్టుకోలేదు. నేను మాత్రం తిన్నాను. నా గోతం నిండింది కదా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. మడిచిన గోతం ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంజను మోతలో కూడా ఆయన కడుపు కూత నాకు వినపడుతోంది. ఆకలేస్తోందా నాయనా అని అడిగాను.

"వేస్తా ఉండాది పాపా" అన్నాడు, కిటికీలోంచి వెనక్కి పోతున్న కొండను చూస్తూ. "ఇంత బాగా ఎప్పుడూ ఆకలెయ్యలేదు."