వదినమ్మ పొడి

ఇవాళ పొద్దున్న పెళ్ళిచూపులకి తయారవుతూ మా మనవడు చంకల్లోకి బుస్సుమని ఏదో డబ్బా కొట్టుకుంటే ఇల్లంతా ఘాటెక్కి నాకు తుమ్ములు ఆగలేదు. ఇందులో ఏముంటుందిరా అంటే వెనకాల సన్నక్షరాలు చదివాడు. అల్యూమినియం అన్న మాట వినగానే, ఓస్, పటికలో ఉండేదీ అదేగా, మన పాత చుట్టమేనా అనుకున్నాను.

అరవైల చివర్లో మా అన్నయ్య సాలూరు లారీ నడిపేవాడు. కళింగపట్నంలో ఎండుచేపలు ఎత్తుకుని కొండల్లో ఘాటీ రోడ్డు ఎక్కే బండి అది. ఎంత తోముకున్నా ఆ వాసనా చెమటా కలిసి మనిషిని వదిలేవి కావు. పాపం, బంగారంలాంటి మనిషికి ఆ వాసనకే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది శ్రీకూర్మంలో, వరసకి మరదలే. ఇదీ పోతే ఇంక పెళ్ళి ఊసెత్తొద్దని అన్నయ్య తెగేసి చెప్పేసరికి, వాడి చంకల్లో పూయడానికి అమ్మే ఓ పొడి చెయ్యడానికి పూనుకుంది.

అమ్మ పెనం మీద పటిక పొంగించి దంచింది, ఎండిన వట్టివేరూ కచ్చూరాలూ కలిపింది, ముద్దకర్పూరం నలిపింది. అంతవరకూ బాగానే ఉంది. శుభమా అని వెళ్తూ పసుపు లేని పొడి పూసుకుంటారా అని ఆఖర్న గుప్పెడు పసుపు కూడా వేసేసింది. మండుటెండలో బస్సు దిగి నడిచి, కొత్త తెల్ల టెరిలిన్ చొక్కాతో వాళ్ళింట్లో కూర్చున్న అన్నయ్య, కాఫీ గ్లాసు అందుకోవడానికి చెయ్యెత్తాడు. చంక కింద పచ్చటి మచ్చ, అరచెయ్యంత! నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తలొంచుకుని కూర్చోవలసిన పెళ్ళికూతురు పకపకా నవ్వేసింది.

"ఏటి బావా, పెళ్ళి కుదరకముందే నలుగెట్టించీసుకొచ్చినావేటి?"

"ఏటి సేస్తాను మరి, మా యమ్మకి తొందరెక్కువ," అన్నాడు అన్నయ్య, తనూ నవ్వుతూ. ఇంక పెద్దలు మాట్లాడుకోవడానికి ముహూర్తం తప్ప ఏమీ మిగల్లేదు.

కాపురానికొచ్చిన వదిన చేసిన మొదటి పని ఆ పొడిలోంచి పసుపు తీసెయ్యడం. చిన్న గుడ్డమూటలు కట్టి అన్నయ్యకిస్తే సాలూరు డ్రైవర్లు అడిగి మరీ పట్టుకెళ్ళేవారు, వదినమ్మ పొడి అన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే. దాని చలవతో వాళ్ళలో ఎంతమంది ఓ ఇంటివాళ్ళయ్యారో! అన్నయ్య పోయాక వదిన దంచడం మానేసింది. ఆ పొడి వాసన మీద నాకిప్పటికీ బెంగే.

మనవడు బయల్దేరాడు. చొక్కా మల్లెపువ్వులా ఉంది, మచ్చ లేదు, చెమట వాసన లేదు, సంతోషమే. కానీ ఆ పిల్ల ఇంక దేన్ని చూసి నవ్వాలి? చూద్దాం, మా వాడికి కాఫీ చొక్కా మీద ఒలకబోసుకునే అలవాటుంది.