ఊదిన చుక్క

మొన్న గిద్దలూరు బస్టాండులో మనవరాలికి బోండాం కొట్టించాను. నీళ్లన్నీ అయిపోయినా గొట్టం అటూ ఇటూ తిప్పుతూ గుర్రుగుర్రుమని పీలుస్తోంది. "ఇంక వదిలెయ్యి తల్లీ" అంటే, "ఇంకొక్క చుక్క ఉంది తాతా" అంది. ఆ మాటకు మదరాసు కాలేజీలో ఒక మనిషి గుర్తుకొచ్చాడు. అసలు ఆయన్ని మరిచిందెప్పుడు? ఎవరికీ చెప్పలేదు, అంతే.

రాచర్ల దగ్గర గొర్రెలు కాస్తూ, పద్నాలుగేళ్లకు మిషను బడిలో పలక పట్టినవాణ్ణి. తరగతులు దూకుతూ పోయినా బి.ఎస్సీ.లో చేరేసరికి ఇరవయ్యారేళ్లు. మొదటిరోజు తోటి విద్యార్థులు నన్ను మాస్టరనుకుని లేచి నిలబడ్డారు. ఆలస్యంగా వచ్చింది కాబట్టేమో, చదువు నాకు కాస్త తలకెక్కింది.

రసాయనశాలలో అటెండరుది మా వైపు కొమరోలు. అక్షరం రాదు. మాస్టరు తూచి ఇచ్చినవాటిని నీళ్లలో కలిపి సీసాల్లో పోయడం, గాజుసామాను కడగడం ఆయన పని. నా యాస విన్న రోజే "మనోడివేనా అల్లుడా!" అన్నాడు. నేనూ మామా అని పిలిచేవాణ్ణి, పక్కన ఎవరూ లేనప్పుడు.

పిపెట్ అని సన్నటి గాజుగొట్టం. దాంతో క్షారాన్ని గీత దాకా నోటితో పీల్చి ఫ్లాస్కులోకి వదలాలి. అందులో రంగుమందు వేస్తే వచ్చే గులాబీ రంగు పోయేదాకా పైనుంచి ఆమ్లం బొట్టు బొట్టుగా వెయ్యాలి. పిపెట్ మొనలో చివరికి ఒక చుక్క నిలుస్తుంది. దాన్ని గొట్టంలోనే వదిలేసే లెక్కతో ఆ గీత గీస్తారు. మాదేమో బిందెడు నీళ్లకు మైలు నడిచే ఊరు. మా అమ్మ ఆఖరి బొట్టు రాలేదాకా చెంబు బోర్లించి పట్టుకునేది. నా నోరు ఆ చుక్కను దానంతటదే ఊదేసేది.

"ఊదొద్దు అల్లుడా, ఆ చుక్క గొట్టానిది, నీది కాదు" అన్నాడు మామ ఒకరోజు.

"నువ్వు చెప్పేదేంది మామా? పుస్తకం నువ్వు చదివినావా, నేను చదివినానా?"

"నువ్వే చదివినావులే నాయనా" అని నవ్వుకుంటూ ఫ్లాస్కు కడుక్కున్నాడు. నిజానికి ఆ పేజీ నేను చదవలేదు.

ప్రాక్టికల్ పరీక్షలో నా లెక్క ఎన్నిసార్లు చేసినా ఒక పిసరు ఎక్కువే వచ్చింది. మాస్టరు మిల్లీలీటరులో పదోవంతు తేడాను కూడా ఒప్పుకోడు. తప్పానంటే మిషను వాళ్ల సాయం ఆగిపోతుంది, మళ్లీ గొర్రెలే. "కలపడంలో అటెండరు తప్పు చేసుంటాడండి, చదువు రాదు కదా" అన్నాను. మామ అక్కడే ఉన్నాడు. కడుగుతున్న ఫ్లాస్కు కడుగుతూనే ఉన్నాడు. మాస్టరు స్వయంగా కలిపిన సీసా ఇచ్చి మళ్లీ చెయ్యమన్నాడు. ఈసారి మామ చెప్పినట్టే చుక్కను గొట్టంలోనే వదిలేశాను. లెక్క సరిగ్గా సరిపోయింది. దాంతో తప్పు మామదేనని తేలిపోయింది.

వారం తిరక్కుండా ఆయన్ని గేటు కాపలాకు పంపారు. నెలరోజులు వెనకదోవన తిరిగాను. చివరికి ఒకనాడు ఎదురుపడక తప్పలేదు.

"పాసైనావా అల్లుడా?"

"అయినా మామా."

"చుక్క వదిలినావా?"

"వదిలినా."

"మంచిది" అని నాకోసం గేటు తీసి పట్టుకున్నాడు.

అప్పుడైనా మాస్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పి ఉండొచ్చు. గేటు దాటి బయటికే నడిచాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పిల్లలకు పిపెట్ పట్టడం నేర్పాను. ఆ చుక్క దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ మాట తడబడేది. ఇప్పుడు చెప్పేద్దామంటే మాస్టరూ లేడు, మామా లేడు. తప్పు ఒప్పుకోవడానికి ఎదురుగా ఒక్క మనిషీ మిగలనంత కాలం బతికాను.