అరచేతుల్లో కరిగిన నూనె

తొంభైల మొదట్లో ఒక డిసెంబరు సాయంత్రం, ఫిల్మ్ నగర్ వైపు వెళ్ళే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. చేతుల మీద సినిమా సెట్లకు వేసే రంగుల మరకలున్నాయి. ఒక చిన్న సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని అదే పనిగా రుద్దుతున్నాడు. అందులో కొబ్బరినూనె చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఇంటికెళ్ళి వెచ్చబెడితే ఇట్టే కరుగుతుంది కదండీ," అన్నాను.

"గుమ్మంలో అడుగెట్టగానే మా ఆవిడ చేతులు చాపుద్దండీ. ఆలస్యమైతే మళ్ళీ మొదలెడతాది," అన్నాడు. సీసాను రుద్దుతూనే తనే చెప్పాడు. "మా అమ్మాయి పోయిన కాణ్ణించీ గోళ్ళ పక్కన తోలు పీక్కుంటదండీ, నెత్తురొచ్చేదాకా. ఓదార్చడానికి నాకు మాటలు రావు. అందుకని ఇందులో కాస్త ఆముదం కలిపి రోజూ వేళ్ళకి రాస్తాను. రాసినంతసేపూ చేతులు నా దగ్గరుంటాయి గదా, పీక్కోదు."

"తగ్గిందాండీ?"

"గోళ్ళు బాగయ్యాయండీ," అన్నాడు.

ఆయన స్టాపు వచ్చేసరికి నూనె కరిగింది. సీసాను వెలుతురుకెత్తి నాకు చూపించి, నవ్వి, దిగిపోయాడు.

ఇంటికి వెళ్ళాక, బియ్యం కడుగుతున్న నా భార్యను చేతులు చూపించమన్నాను.

"ఏంటండీ, జాతకం చెప్తారా?" అంటూ కొంగుకు తుడుచుకుని చాపింది. గోళ్ళ చుట్టూ తోలు ఎండిపోయి చిట్లి ఉంది. "చలికాలం కదా, మామూలే," అంది.

నేను ఆ చేతులు వదలకుండా అలాగే నిలబడ్డాను. "అన్నం పెట్టాలండీ పొయ్యి మీద," అంది గానీ, తనూ వెనక్కి తీసుకోలేదు.