విత్తనాలు ఒలిచేటప్పుడు చదవదగిన పుస్తకాలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఫరవాలేదు. చేతిలో పనేదైనా ఉంటే అదీ తెచ్చుకోండి, పని చేస్తూ విన్నదే నాకైతే బాగా గుర్తుంటుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. కానీ ఒకసారి చెవిన పడింది మరిచిపోను. ఏ పుస్తకం చదవాలో నన్ను అడిగి పోయేవాళ్లు మా వీధిలో ఉన్నారంటే, అది మా కోడలు మంచం పట్టి ఉన్న ఆ ఎండాకాలం పుణ్యమే.

అంతకుముందు ఏడాది ఆ పిల్లకు కడుపు నిలవలేదు. మళ్లీ నెల తప్పగానే గుత్తిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఏడో నెల దాటేవరకు మంచం దిగితే తన బాధ్యత కాదని. డిగ్రీ చదివిన పిల్ల, ఊరికే పడుకోవడం చేతకాదు. ఫోన్ చూసుకోమన్నాం. అందులో ఎవరెవరి కాన్పు ఎట్లా చెడిందో వెతికి వెతికి చూసి ఏడ్చేది. ఫోన్ తీసి బియ్యం డబ్బాలో దాచి, మా వాణ్ణి పుస్తకాలు తెమ్మన్నాను. వాడు గుత్తి బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికినవి దొరికినట్టు ఒక సంచి నిండా వేసుకొచ్చాడు.

ముందుగా చేతికొచ్చింది గర్భిణుల ఆరోగ్యం గురించిన పుస్తకం. కొన్ని పేజీలు చదవగానే అందులో ఉన్న జబ్బులన్నీ తనకే ఉన్నాయని తేల్చుకుంది. దాన్నీ బియ్యం డబ్బాలోకే పంపాను. అట్లాంటి పుస్తకం కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకండి, వాళ్ల అత్తలకు ఇవ్వండి. వంటల పుస్తకం మాత్రం తప్పకుండా ఇవ్వండి. అన్నం చూస్తే మొహం తిప్పుకునే పిల్ల, జీడిపప్పు, పాలమీగడ వేసి చేసే ఏదో కూర గురించి చదివి, "అత్తా, రోంత ఊరిబిండి ఏసి ఏడన్నం పెడతావా?" అని తనంతట తానే అడిగింది. పుస్తకంలో ఉన్నది మీగడ కూర, అడిగింది వేడన్నంలోకి రోటిపచ్చడి. అయితే ఏం, నోరు ఊరింది కదా.

ఇంతలో వేరుశనగ విత్తనాలు ఒలిచే రోజులొచ్చాయి. మా వైపు ఈ పనికి కూలి ఇవ్వరు. ఈ రోజు వీధిలో ఆడవాళ్లంతా మా ఇంటికొచ్చి ఒలిస్తే, రేపు వాళ్ల ఇళ్లకు మేం పోయి ఒలవాలి. దీన్ని ముయ్యి అంటాం. ముయ్యి తీర్చని ఇల్లంటే వీధిలో తల దించుకోవాల్సిందే. ఆ ఏడాది పంపడానికి మా ఇంట్లో మనిషి లేదు. కోడలు మంచం దిగకూడదు, నేను దాన్ని ఒంటరిగా వదిలిపెట్టి కదలకూడదు.

కోడలి మంచం వసారాలోకి జరిపి, కాయల మీద నీళ్లు చల్లి, అందరం చుట్టూ కూర్చున్నాం. పక్కింటి అక్కకు మాట దాచుకోవడం తెలియదు.

"ఏమ్మే, మేమంతా వచ్చి మీ కాయలు ఒలుస్తాండాం. మా ఇంటికి ఎవురొస్తారు? నువ్వొస్తే ఈ పిల్లను సూసేదెవురు?"

"ఎట్లోగట్ల తీరుస్తాంలే అక్కా," అన్నాను.

కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది. నేను నీళ్ల బిందె కోసం లోపలికి పోయి వచ్చేసరికి కింద చాప మీద కూర్చుని ఒడిలో కాయలు పోసుకుంది. బిందె గడప దగ్గరే దించేశాను.

"లెయ్! ఎక్కు మంచం!"

"కూసోని ఒలిచేదానికి ఏముండాది అత్తా? వాళ్లతో ఊరికే పని సేపిచ్చుకునేది నాకొద్దు."

రెక్క పట్టి పడుకోబెట్టి, సంచిలోంచి చేతికందిన పుస్తకం తీసి దాని మీద పెట్టాను. "నీ నోరు బాగానే ఉండాది కదా? పైకి సదువు. వాళ్లు విననీ."

అది డిటెక్టివ్ నవల. మూసిన గదిలో పెద్దమనిషి శవం. వింటూ అందరూ కాయలు టపటపా చిట్లగొడుతున్నారు.

"ఆ వంటామే సంపింటాది," అంది పక్కింటి అక్క.

"నోరు ముయ్యక్కా, విననీ!" అని నలుగురూ ఒకేసారి అరిచారు.

సాయంత్రం చెరిగి చూస్తే సగం గింజలు రెండు బద్దలు, మిగిలిన సగంలో చాలావాటికి పైపొర లేదు. పొర ఊడిన గింజ మొలవదు. శవం దగ్గరికి ఎవరైనా వస్తే చాలు, బొటనవేళ్లు గట్టిగా నొక్కేశాయన్నమాట. చట్నీకి ఆ ఏడాది కొదవ లేకపోయింది గానీ, డిటెక్టివ్‌ను నేను అక్కడితో ఆపించాను.

మర్నాడు కుటుంబ నవల పెడితే, అందరూ కొంగుతో ముక్కులు తుడుచుకోవడమే గానీ కాయ ముట్టినవాళ్లు లేరు. దయ్యాల పుస్తకానికి ఎవరూ బెదరలేదు. బావిలో దయ్యం ఉందని చదవగానే, "బాయిలో నీళ్లుంటే కదా దయ్యం ఉండేది? మన బాయిలో అయితే దుమ్ముకు దగ్గి సస్తాది," అంది ఒకామె. చివరికి కుదిరింది ఎవరో మంచుదేశమంతా తిరిగి చూసొచ్చి రాసిన పుస్తకం. చదువుతుంటే చల్లగా ఉంటుంది, ఎవరూ చావరు, ఎవరూ ఏడవరు. "ఇంటి ముందర అంత మంచు పడ్తే బోరు ఎయ్యాల్సిన పనే లేదు కదప్పా," అని నిట్టూరుస్తూ ఒలిచారు. ఒక్క గింజ చీలలేదు. ఒడుపుగా చేయాల్సిన పనేదైనా ఉంటే యాత్రల పుస్తకం చదివించుకోండి, నా మాట నమ్మండి.

మా కాయలు అయిపోయాయి. తర్వాతి వంతు పక్కింటి అక్కది. ఏమని చెప్పుకోవాలా అనుకుంటూ నేను తెల్లారి పాలు కాచి వచ్చేసరికి, కోడలు జడ వేసుకుని, మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి కూర్చుంది.

"యాడికి?"

"ముయ్యికి. ఆమె మళ్లీ మన ఇంటి గడప తొక్కి అడగకూడదు అత్తా. మెల్లగా పోతా."

నేను తిట్టాను, బతిమాలాను. లేస్తోంది. అంతలో గుమ్మంలో దబ్బుమని చప్పుడు. పక్కింటి అక్క నెత్తి మీది మూట కిందపడేసి రొప్పుతోంది.

"ఏం పిల్లా, యాడికి బయల్దేరినావ్?"

"మీ ఇంటికే పెద్దత్తా."

"మా ఇంట్లో ఏముండాది? కాయలన్నీ ఈడికే తెస్తాండా. పండుకో పో. ఆ వంటామె సంపిందో లేదో తేలకుండా నాకు కూడు దిగల్లేదు."

కోడలు కదలలేదు. "పుస్తకం సదివితే ముయ్యి తీరుతాదా?"

"పొద్దుగూకులు సదివితే నీ గొంతు నొయ్యదా? మా బొటనేళ్లు నొచ్చినట్లే అదీనూ. తీరుతాది. తీరదని ఎవురన్నా అంటే నా కాడికి పంపు."

ఆ మాటకు కోడలు కాళ్లు మంచం మీదికి చేర్చి పడుకుంది. ఆ రోజు నుంచి వీధిలో కాయలన్నీ మా వసారాకే వచ్చాయి. పని చేసేటప్పుడు మంచుదేశం, సంగటి తినేటప్పుడు డిటెక్టివ్. అట్లా నేనే వాటా వేశాను. చంపింది ఎవరో చెప్పను, మీరు చదువుకోవాల్సిందే. వాన పడి విత్తనాలు వేశాక కూడా ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి కూర్చునేవాళ్లు. ఏడో నెల దాటింది. డాక్టరమ్మ నడవమంది. ఆ తర్వాత నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, మంచి గొంతుతో.

బాలింతకు ఏ పుస్తకమని అడుగుతారేమో. పాటల్లాంటి చిన్న చిన్న పద్యాలున్నది ఇవ్వండి. బిడ్డ పాలు తాగి వదిలేలోపు ఒకటి అయిపోతుంది, బిడ్డ ఏడిస్తే ఎక్కడైనా ఆపేయొచ్చు. మా కోడలు పాలిస్తూ అదే చదివేది, నేను పక్కన కూర్చుని వినేదాన్ని.

విన్నారు కదా, చల్లగా ఉండండి. మీ ఇంటి ఆడపిల్లల కాన్పులు సుఖంగా కావాలి, వాళ్ల చేతిలో పని అందుకునే ఇరుగుపొరుగు మీకు దొరకాలి, మీ ఇంట్లో పైకి చదివే గొంతు ఒకటి ఎప్పుడూ వినబడాలి.